రాజాలి ఉద్యోగానికి పుత్తూరులో ఇల్లా?

మా తమ్ముడికి తమిళనాడు అరక్కోణంలోని నేవీ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ రాజాలిలో సివిలియన్ పోస్టింగ్, అంటే యూనిఫాం లేని ఉద్యోగం వచ్చింది. ఆర్డరు చేతికందిన మర్నాటి నుంచి ఇంట్లో రెండు పార్టీలు తయారయ్యాయి. నాన్నది ఒక పార్టీ. "తిరుపతిలో సొంతిల్లు పెట్టుకుని పరాయి ఊర్లో అద్దె కట్టేదేంది? రైలుంది కదా, పోయి రానీ" అంటాడు. మరదలి పుట్టింటివాళ్ళది ఇంకో పార్టీ. బేస్ గేటుకు దగ్గర్లో ఇల్లు చూసుకుంటే మధ్యాహ్నం భోజనానికి కూడా ఇంటికి రావచ్చని వాళ్ళ లెక్క. నన్నడిగితే తిరుపతికీ అరక్కోణానికీ మధ్య రైలు దారిలో ఉన్న పుత్తూరులో చూడమన్నాను. నాన్న నన్ను ఎగాదిగా చూసి, "రాజాలి ఉద్యోగానికి పుత్తూరులో ఇల్లా? పుత్తూరుకు చెయ్యి విరిగినోళ్ళు కట్టు కట్టించుకోను పోతారు గానీ కాపురానికి ఎవరు పోతారమ్మా?" అన్నాడు.

మేం పోయాం. మా ఆయన పనిచేసేది రాజాలిలోనే, మేం కాపురం ఉండేది పుత్తూరులోనే. కాబట్టి నాకు పక్షపాతం లేదని బుకాయించను. అయితే ఈమధ్య తిరుపతి, చిత్తూరు వైపు పిల్లలు ఇలాంటి సివిలియన్ పోస్టుల పరీక్షలు రాసి ఉద్యోగాలు తెచ్చుకోవడం చూస్తున్నాను. ఇల్లు ఎక్కడ అన్న ప్రశ్న దగ్గర అందరూ అవే రెండు పార్టీలుగా చీలుతున్నారు. రెండూ తప్పు లెక్కలే అని నా వాదన.

బేస్‌లో పనిచేసే మనిషి పొద్దున లోపలికి పోతే సాయంత్రం దాకా ఇంటికి లేనట్టే. ఫోను చేస్తే ఎత్తుతాడన్న నమ్మకం లేదు. కొళాయి ఎప్పుడొస్తుంది, గ్యాస్ బండ ఎవరు దించుకోవాలి, పిల్లాడికి మధ్యాహ్నం పూట జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి, ఇవన్నీ ఇంట్లో ఉండేవాళ్ళ తంటాలు. అయినా ఇల్లు వెతికేటప్పుడు మగవాళ్ళు మ్యాప్‌లో గేటు మీద వేలు పెట్టి అక్కడి నుంచి కొలవడం మొదలుపెడతారు. ఆ వేలు అక్కడి నుంచి తియ్యమంటాను. ఇల్లు ఎంచుకోవలసింది పగటిపూట ఆ ఇంట్లో ఉండేవాళ్ళను బట్టి. ఉద్యోగికి కావలసింది ఒక్కటే, నడిచిపోయేంత దూరంలో రైల్వే స్టేషన్.

రాజాలి గురించి తెలియనివాళ్ళకు రెండు ముక్కలు. అరక్కోణం పక్కన రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత ఎయిర్‌ఫీల్డ్ ఉండేది. ఆ చోటే 1992 మార్చి 11న అప్పటి రాష్ట్రపతి ఆర్. వెంకట్రామన్ చేతుల మీదుగా నేవీ వైమానిక స్థావరం మొదలైంది. రన్‌వే దాదాపు 4 కిలోమీటర్లు. సముద్రం మీద నిఘా పెట్టే పి-8ఐ విమానాలు 2013 నుంచి ఇక్కడే ఉన్నాయి. అంతకుముందు నుంచీ ఉన్న టియు-142లకు 2017లో రిటైర్మెంట్ ఇచ్చారు. హెలికాప్టర్ పైలట్లకు శిక్షణ ఇచ్చే స్కూలు కూడా ఇక్కడే. 2015 డిసెంబరు వరదల్లో చెన్నై విమానాశ్రయం మూతపడినప్పుడు మామూలు ప్రయాణికుల విమానాలు కొన్నాళ్ళు ఈ రన్‌వే మీద నుంచే నడిచాయి. ఇదంతా పేపర్లలో వచ్చిందే. లోపలి సంగతులు నాకు తెలియవు, తెలిసినా రాయను.

యూనిఫాం వేసుకున్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు కొన్నేళ్ళకోసారి బదిలీ మీద పెట్టె సర్దుకోవలసినవాళ్ళు, క్వార్టర్స్‌లో వాళ్ళకే ముందు వరస. ట్రేడ్స్‌మన్ మేట్, ఛార్జ్‌మన్, స్టోర్‌కీపర్, ఫైర్‌మన్, మిలిటరీ ఇంజనీర్ సర్వీసెస్ (ఎంఈఎస్)లో జూనియర్ ఇంజనీర్ లాంటి సివిలియన్ ఉద్యోగాలవాళ్ళు ఒకచోట చేరితే ఏళ్ళ తరబడి అక్కడే పాతుకుపోవచ్చు. పిల్లాడు ఎల్‌కేజీలో చేరినప్పుడు తీసుకున్న ఇల్లు వాడు ఇంటర్‌కొచ్చే దాకా ఉండే ఇల్లయ్యే అవకాశం ఎక్కువ. రెండేళ్ళే కదా, ఎలాగోలా సర్దుకుందాం అనుకునే వీలు వీళ్ళకు లేదు.

ముందు నాన్న పార్టీ సంగతి. తిరుపతి నుంచి అరక్కోణం రైలు దారిన దాదాపు 80 కిలోమీటర్లు. గరుడాద్రి పొద్దున్నే తిరుపతిలో బయలుదేరి చెన్నై పోతుంది, సాయంత్రం తిరిగొస్తుంది. సప్తగిరి ఉంది గానీ దాని టైములు మనకు తలకిందులు. అది పొద్దున చెన్నైలో బయలుదేరి కొండకొచ్చే భక్తులను దించే బండి. ఇవి కాక ప్యాసింజర్లు. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి రూల్ ప్రకారం అడ్డేమీ లేదు. చాలామంది ఏళ్ళ తరబడి అలా తిరుగుతున్నారు కూడా. వాళ్ళను చూపించే నాన్న వాదిస్తాడు.

ఆ తిరిగేవాళ్ళ ఇళ్ళకు ఒకసారి రాత్రి తొమ్మిదికి పోయి చూడమంటాను. తిరుపతిలో ఇల్లంటే స్టేషన్ పక్కనే ఉండదు. తిరుచానూరు రోడ్డులోనో, అలిపిరి వైపో, ఎమ్మార్‌పల్లిలోనో ఉంటుంది. అక్కడి నుంచి స్టేషన్‌కు బండి, బండికి స్టాండు, తర్వాత రైలు, అరక్కోణంలో దిగాక బేస్ దాకా మళ్ళీ ఇంకో బండి. మనిషి తెల్లారుజామున లేస్తే ఇల్లు చేరేసరికి పిల్లలు పడుకుని ఉంటారు. పైగా రోజూ రైలు టైముకు రాదు. "రైలు లేటు సార్" అన్న మాట గేటు దగ్గర ఎప్పుడో ఒకసారి చెల్లుతుంది గానీ వారం వారం చెల్లదు. బ్రహ్మోత్సవాల రోజుల్లో, వరస సెలవుల్లో జనరల్ బోగీలో కాలు పెట్టే చోటుండదు. సీజన్ టికెట్ చేతిలో ఉన్నా రిజర్వేషన్ బోగీ ఎక్కితే టీసీతో గొడవ. ఇక ఈశాన్య రుతుపవనాల వానలు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఎలా వాగులయ్యాయో చూసినవాళ్ళకు మళ్ళీ చెప్పక్కర్లేదు. ఆ వానలో ఇంటి నుంచి స్టేషన్‌కు చేరడమే ఒక యాత్ర.

"అద్దె మిగుల్తుంది కదా" అంటాడు నాన్న. మిగుల్తుంది, కాదనను. అయితే అద్దె లెక్క వేసేటప్పుడు చాలామంది హెచ్ఆర్ఏని తప్పుగా అనుకుంటున్నారు. ఇంటి అద్దె భత్యం మనం ఉండే ఊరిని బట్టి రాదు, డ్యూటీ చేసే ఊరిని బట్టి వస్తుంది. చెన్నైలో పనిచేసేవాళ్ళకు పెద్ద నగరాల ఎక్స్ కేటగిరీ, అరక్కోణం లాంటి చిన్న ఊర్లకు జెడ్. కరువు భత్యం (డీఏ) 50 శాతానికి చేరాక, 2024 జనవరి నుంచి జెడ్ రేటు 10 శాతం అయింది. అదీ మూలవేతనం మీదే, డీఏ కలపరు. 18,000 మూలవేతనంతో చేరే ట్రేడ్స్‌మన్ మేట్‌కు 1,800 రూపాయలు, 35,400తో చేరే ఛార్జ్‌మన్‌కు 3,540. ఈ డబ్బుతో తిరుపతిలో కుటుంబం ఉండదగ్గ ఇల్లు దొరకడం కల్ల. సొంతిల్లు లేనివాళ్ళు మా తమ్ముడిని చూసి తిరుపతిలో అద్దెకు దిగితే రెండు విధాలా నష్టం. ఇంటి అద్దె పెద్ద ఊరిది, భత్యం చిన్న ఊరిది. పుత్తూరు, నగరి, అరక్కోణంలో ఆ భత్యం మీద కాస్త చేతి డబ్బు వేసుకుంటే సరిపోయే ఇళ్ళున్నాయి. మేం అలాగే కడుతున్నాం.

ఇక గేటు పార్టీ. వినడానికి బాగుంటుంది. పది నిమిషాల్లో డ్యూటీ, మధ్యాహ్నం ఇంటి భోజనం, పెట్రోలు ఖర్చు లేదు. అద్దె అడ్వాన్సు కూడా భయపెట్టేది కాదు. తమిళనాడులో 2019 నుంచి అమల్లో ఉన్న అద్దె చట్టం ప్రకారం, వేరే ఒప్పందం చేసుకోకపోతే మూడు నెలల అద్దెకు మించి డిపాజిట్ తీసుకోకూడదు. ఆ "వేరే ఒప్పందం" దగ్గరే ఇంటి ఓనర్లు గట్టిగా పట్టుకుంటారనుకోండి.

మేమూ ఆ వైపు ఇళ్ళు చూశాం. అందరూ ఆదివారం పోయి చూస్తారు, ఆదివారం అంతా బాగానే ఉంటుంది. రోడ్డు ఖాళీ, ఆకాశం ఖాళీ, డాబా మీద చల్లగాలి. నేను పట్టుబట్టి పనిరోజు పొద్దున పదింటికి పోయాను. డాబా మీద ఆ ఇంటామె దుప్పట్లు ఆరేస్తోంది. అవతల నుంచి హెలికాప్టర్ ఒకటి వచ్చి, పొలం మీదుగా తిరిగి, మళ్ళీ వచ్చి, మళ్ళీ తిరిగింది. నేర్చుకునేవాళ్ళు కదా, చేసిందే చేస్తారు. ఆమె మాట మధ్యలో ఆపేసి, క్లిప్పు నోట్లో పెట్టుకుని, శబ్దం పోయే దాకా ఊరికే నిలబడింది. అది పోయాక ఏమీ జరగనట్టు ఆపిన మాట దగ్గర్నుంచే అందుకుంది. ఆమెకు అలవాటైపోయింది. మా చిన్నది అప్పటికి చంకలో పిల్ల, పగలు రెండు నిద్రలు పోయేది. నేను కిందికి దిగేశాను.

దేశం కోసం ఆ మాత్రం శబ్దం భరించలేవా అని మా ఆయన స్నేహితుడొకాయన అడిగాడు. శబ్దం భరించేది ఆయన కాదు కదా, ఆయన ఆ టైములో లోపల ఉంటాడు. ఇంట్లో పరీక్షలకు చదివే పిల్లలున్నా, నైట్ డ్యూటీ చేసి పగలు పడుకునే మనిషున్నా, రన్‌వే వరసలోనూ హెలికాప్టర్లు తిరిగే వైపూ ఇల్లు వద్దు. ఇల్లు నచ్చితే వారం మధ్యలో ఒకసారి పొద్దున, ఒకసారి చీకటి పడ్డాక పోయి డాబా మీద అరగంట నిలబడండి. బ్రోకరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అద్దెకు కాకుండా అక్కడే ప్లాటు కొని కట్టేద్దాం అనుకునేవాళ్ళకు ఇంకో మాట. విమానాశ్రయాల చుట్టూ 20 కిలోమీటర్ల దాకా భవనాల ఎత్తు మీద ఆంక్షలుంటాయి, అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకోవాలి. రక్షణ స్థావరాల ప్రహరీ పక్కన కట్టడాల మీద 1903 నాటి వర్క్స్ ఆఫ్ డిఫెన్స్ చట్టం కింద కూడా ఆంక్షలు పెట్టవచ్చు. లేఅవుట్ బోర్డు మీద "నేవల్ బేస్‌కు అతి సమీపంలో" అని పెద్ద అక్షరాలతో రాసేవాడు ఈ సంగతి చిన్న అక్షరాలతో కూడా రాయడు. అతి సమీపం అన్నదే అక్కడ చిక్కు.

గేటు పక్క వీధుల్లో ఇంకో ఇబ్బంది ఉంది, దాన్ని ఎవరూ ఇబ్బందిగా చెప్పరు. వీధిలో సగం ఇళ్ళు ఆ బేస్ వాళ్ళవే. మొదట్లో తోడుగా ఉంటుంది, కొత్త ఊర్లో భాష రానివాళ్ళకు అది పెద్ద ధైర్యం. తర్వాత ఎవరికి ప్రమోషన్ వచ్చింది, ఎవరి ఓటీ ఎవరికి పోయింది, ఎవరి మీద ఎవరు రిపోర్టు రాశారు అన్నవి ఆడవాళ్ళ మాటల్లోకి వస్తాయి. లోపల మగవాళ్ళు మాట్లాడుకోవడం మానేస్తే బయట పిల్లలు కలిసి ఆడుకోవడం ఆగిపోతుంది. చీటీలు కూడా వాళ్ళ మధ్యే, అప్పులు కూడా వాళ్ళ మధ్యే. ఆఫీసు వాకిట్లోకి రాకుండా మధ్యలో ఒక రైలు ప్రయాణం ఉంటే సంసారానికి మంచిదని నా నమ్మకం. మా ఆయన అరక్కోణంలో ఎక్కేటప్పటి మొహం వేరు, పుత్తూరులో దిగేటప్పటి మొహం వేరు.

ఇప్పుడు అసలు విషయం. తిరుపతి నుంచి అరక్కోణం పోయే ఆ దారిలో రాష్ట్ర సరిహద్దు దాటాలి. నగరి, ఏకాంబరకుప్పం మన వైపు. వేంకటనరసింహరాజువారిపేట మన వైపే, ఒకే మాటగా రాస్తే దేశంలో అతి పొడవైన స్టేషన్ పేర్లలో అదొకటని పిల్లలకు చూపిస్తుంటాం. అది దాటితే తమిళనాడు. ఆ తర్వాత తిరుత్తణి, ఆ తర్వాత అరక్కోణం. తిరుత్తణి ఒకప్పుడు మన చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దు తగాదాలో మధ్యవర్తిగా ఉన్న పటాస్కర్ సిఫారసుల మీద చట్టం చేసి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి ఇచ్చారు, సత్యవేడు వైపు కొంత భాగం మనకొచ్చింది. అందుకే తిరుత్తణిలో ఏ కొట్టు దగ్గర నిలబడ్డా తెలుగు వినపడుతుంది. అది విని, "ఇదీ మన ఊరే కదా" అని తిరుత్తణిలో దిగిపోయేవాళ్ళు ఎక్కువ. అరక్కోణానికి 13 కిలోమీటర్లే, చెన్నై లోకల్ బండ్లు కూడా అక్కడి దాకా వస్తాయి. మనిషికి హాయి. పిల్లల కాగితాలకు మాత్రం అది వేరే రాష్ట్రం.

ఆంధ్రలో కాలేజీ సీట్లు 85 శాతం స్థానికులకు. ఇది రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు. స్థానికత ఎలా వస్తుంది? ముఖ్యంగా చదువును బట్టి. అర్హత పరీక్ష రాసే సంవత్సరంతో ముగిసేలా వరసగా నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే మామూలుగా తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్ళు. పుట్టింది తిరుపతి రుయా ఆస్పత్రిలో, తాతల నాటి ఇల్లు తిరుపతిలో, ఓటు తిరుపతిలో, అయినా పిల్లాడు ఆ నాలుగేళ్ళు అరక్కోణంలో చదివితే ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగ్‌లోనో మెడికల్ సీటు దగ్గరో స్థానికుడు కాదనిపించుకునే ప్రమాదం ఉంది. మినహాయింపులు, మిగతా 15 శాతం కోటా ఉన్నాయి గానీ వాటి కోసం తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం, ర్యాంకు అంచున ఉన్నప్పుడు ఆ టెన్షన్ పడటం ఎవరికి కావాలి?

సరే, తమిళనాడులోనే సీటు తెచ్చుకుందాం అంటే అక్కడా వాళ్ళ లెక్కలు వాళ్ళకున్నాయి. ఎన్నో తరగతి నుంచి అక్కడ చదివారు, నేటివిటీ ఉందా అని అడుగుతారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు కొన్ని వెసులుబాట్లున్నా, మన కులం సర్టిఫికెట్ అక్కడ రిజర్వేషన్‌కు పనికిరాదు. ఇది ఆఫీసుల్లో గుమాస్తాలు పెట్టే పేచీ కాదు, సుప్రీంకోర్టు తేల్చిన విషయం. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు ఇదే. తెనాలి వైపు నుంచి తండ్రి ఉద్యోగం మీద బొంబాయి వెళ్ళిన కుటుంబం అది. కుర్రాడు అక్కడ పెరిగి మెడికల్ సీటుకు ఎస్టీ రిజర్వేషన్ అడిగితే, ఒక రాష్ట్రంలో ఉన్న ఆ హోదా ఇంకో రాష్ట్రానికి వెంట రాదని కోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలవాళ్ళు ఈ ముక్క ముందు చదువుకుని తర్వాత ఇల్లు చూసుకోవాలి. లేకపోతే ఇక్కడ స్థానికత పోయి, అక్కడ రిజర్వేషన్ రాక, పిల్లలు రెంటికీ చెడ్డ రేవడి అవుతారు.

భాష సంగతి కూడా ఉంది. తమిళనాడు 2006లో చట్టం చేసి బడుల్లో తమిళం తప్పనిసరి చేసింది, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ పోయింది. తెలుగు మాతృభాషగా ఉన్న పిల్లల కోసం మినహాయింపులు అడుగుతూ కోర్టులదాకా పోయినవాళ్ళున్నారు. ఎల్‌కేజీ నుంచే అక్కడ ఉంటే పిల్లలకు తమిళం పాలు తాగినంత సులువుగా వస్తుంది, అది వాళ్ళకు లాభమే. పాత చిత్తూరు జిల్లావాళ్ళం తమిళానికి బెదిరేదేముంది. ఆరో తరగతి పిల్లను తీసుకుపోయి తమిళ వాచకం ముందు కూర్చోబెడితే మాత్రం అది శిక్ష. బేస్‌లో కేంద్రీయ విద్యాలయం ఉంది, ఆ గొడవ దాంతో కొంత తప్పుతుంది. కానీ అది ఉన్నదీ తమిళనాడులోనే కాబట్టి మన స్థానికత లెక్క మారదు. తెలుగు చదవడం రాయడం ఇంట్లో మనమే నేర్పుకోవాలి. ఎంతమంది నేర్పుతారో మీకూ తెలుసు.

అందుకే పుత్తూరు, లేదంటే నగరి. పుత్తూరు నుంచి అరక్కోణం రైల్లో 40 కిలోమీటర్ల పైచిలుకు, నగరి నుంచి 30 దాకా. చెన్నై హైవే రెండింటి మీదుగానే పోతుంది. రెండూ మన వైపే, బడులూ కాలేజీలూ రెండుచోట్లా ఉన్నాయి. నగరి ఇంకా దగ్గర, అద్దెలు కూడా కాస్త తక్కువ. కానీ అక్కడ ఇల్లు చూసేటప్పుడు గోడకు చెవి పెట్టి వినండి. పవర్‌లూమ్ మగ్గాల ఊరది. కరెంటు ఉన్నంతసేపూ పక్కింట్లో టకటకా ఆడుతూనే ఉంటాయి. హెలికాప్టర్‌కు భయపడి వచ్చి మగ్గం పక్కన ఇల్లు తీసుకుంటే ఏం లాభం? పైగా ఇది గంటకోసారి వచ్చిపోయేది కాదు. మగ్గాలు లేని వీధి దొరికితే నగరిని మించింది లేదు. ఎండల సంగతి అంటారా, ఈ దారి పొడవునా అంతే. వేసవిలో టీవీ వాతావరణ వార్తల్లో తిరుత్తణి పేరు ఊరికే రాదు. పై అంతస్తు ఇల్లు తీసుకునేముందు ఏప్రిల్ నెల గుర్తు తెచ్చుకోండి.

మేం పుత్తూరు ఎంచుకోవడానికి ఇంకో కారణం నా ఉద్యోగం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థలో అకౌంట్లు చూస్తాను. మా ఆయన పొద్దున దక్షిణానికి, నేను ఉత్తరానికి. ఇద్దరికీ ప్రయాణం ఉంది, ఇద్దరిదీ ఒక మోస్తరే. గేటు పక్కన ఇల్లు తీసుకుని ఉంటే నా ఉద్యోగం ఆ ఏడాదే ముగిసేది. బేస్ ఉద్యోగం వచ్చిన ఇళ్ళలో జరిగేది చాలావరకు ఇదే. ఆయన జీతం పర్మనెంట్ కదా అని ఆమె పని మానేస్తుంది, దాన్ని ఎవరూ నష్టం కింద రాసుకోరు. తమ్ముడి భార్య తిరుపతిలో ఒక ఆస్పత్రిలో నర్సు. ఇల్లెక్కడ అన్న చర్చ ఇన్ని రోజులు నడిచినా ఆ పిల్ల ఏ ఆస్పత్రికి పోవాలి, ఏ షిఫ్టుకు ఎలా చేరాలి అని మా ఇంట్లో ఒక్కరూ అడగలేదు. రెండు పార్టీల్లో దేనికీ అది లెక్కలో లేదు. నాకు కోపం వచ్చింది అక్కడే.

ఇంకా ఒకటి. పెద్దవాళ్ళకు ఏదైనా పెద్ద జబ్బు వస్తే తిరుపతి స్విమ్స్ ఆస్పత్రికి పోవాలి. లేదంటే వేలూరు సీఎంసీకి. పుత్తూరు నుంచి తిరుపతికి బస్సు ఏ వేళైనా దొరుకుతుంది. వేలూరు అయితే అరక్కోణం మీదుగా కాట్పాడి బండి పట్టుకోవచ్చు. ఎముక విరిగితే సరే, నాన్న చెప్పినట్టు ఊర్లోనే ఉన్నాం.

ఈ సలహా అందరికీ పనికిరాదు. ఫైర్‌మన్ లాంటి షిఫ్టు ఉద్యోగమైతే నా వాదన పక్కన పెట్టేసి అరక్కోణం ఊర్లోనే, స్టేషన్ వైపు ఇల్లు చూసుకోండి. రాత్రి షిఫ్టు దిగినవాడికి పుత్తూరు రైలు ఏ వేళకు దొరుకుతుందో దేవుడికే ఎరుక. పెళ్ళికాని కుర్రాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి రూము తీసుకుంటే సరిపోతుంది, వాళ్ళకు ఈ వ్యాసం అనవసరం. పిల్లలు చిన్నవాళ్ళు, ఇంటావిడకు బయట ఉద్యోగం లేదు, చెన్నైలో బంధువులున్నారు అంటే తిరుత్తణి మంచి ఊరే, పిల్లలు ఏడో తరగతి దాటేలోపు మళ్ళీ ఆలోచించుకుంటే చాలు. చిత్తూరువాళ్ళకు ఈ రైలు దారి అక్కరకు రాదు. వాళ్ళు కాట్పాడి పోయి బెంగళూరు-చెన్నై మెయిన్ లైను పట్టుకోవాలి, బండ్లకు కొదవలేదు గానీ కాట్పాడిలో ఉంటే స్థానికత గొడవ మళ్ళీ మొదటికి వస్తుంది.

చివరిగా పక్కింటివాళ్ళ గురించి. ఏ ఊర్లో దిగినా మొదటి వారం అడిగే ప్రశ్న, "మీ ఆయన ఎక్కడ పనిచేస్తాడు?" రక్షణ శాఖలో అని చెప్పి ఊరుకుంటే చాలు. ఏ సెక్షను, ఎన్ని గంటలకు, లోపల ఏముంటాయి అన్నవి మనం కాఫీ మీద చెప్పుకునే కబుర్లు కావు. గేటు పక్క వీధుల్లో అందరూ అక్కడివాళ్ళే కాబట్టి ఆ కబుర్లు తెలియకుండానే సాగిపోతాయి. వాట్సాప్ స్టేటస్‌లో గేటు ముందు సెల్ఫీ పెట్టిన కొత్త పెళ్ళికూతురిని ఆమె భర్త అరగంటలో తీయించడం నాకు తెలుసు. దూరంగా ఉంటే ఆ జాగ్రత్త దానంతటదే వస్తుంది, అడిగేవాళ్ళకు ఆసక్తీ తక్కువ. మా ఎదురింటామె అయితే మా ఆయన రైల్వేలో పనిచేస్తాడనే అనుకుంటుంది, రోజూ టిఫిన్ బాక్సుతో స్టేషన్‌కే పోతాడు కదా. మొన్న వాళ్ళబ్బాయికి తత్కాల్ టికెట్ ఇప్పించమని అడిగింది. ప్రయత్నిస్తానని చెప్పి వచ్చాడు.